చెంచు ఆడవాళ్ళ జ్ఞానాన్ని పొగిడేవాళ్ళతో ఒక పేచీ

నల్లమల గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒకే చోటికి వచ్చి ఆగడం ఈ మధ్య ఆనవాయితీ అయిపోయింది. చెంచు ఆడవాళ్ళకు అడవి సంగతి తెలిసినంతగా మరెవరికీ తెలియదనీ, ఏ చెట్టు బెరడు ఏ రోగానికి పనికొస్తుందో, ఎండాకాలం ఏ వాగులో ఎక్కడ తవ్వితే నీళ్ళు ఊరతాయో వాళ్ళనే అడగాలనీ, అందువల్ల అడవిని వాళ్ళ చేతుల్లోనే ఉంచాలనీ అంటారు. 2019లో యురేనియం గొడవ జరిగిన రోజుల్లో ఈ మాట సభల్లోనూ, టీవీ చర్చల్లోనూ, హైదరాబాదులో తయారైన పోస్టర్ల మీదా మారుమోగింది. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం నాకూ సమ్మతమే. ఆ రెంటినీ కలిపి కుట్టిన తర్కంతోనే నా పేచీ.

తెలివి ఉన్నందువల్ల హక్కు వస్తుందని ఒప్పుకుంటే, ఆ తెలివి పనికిరాదని ఎవరైనా తేల్చిన రోజున హక్కు కూడా పోతుంది. తేల్చేది ఎవరో మనకు తెలుసు: సర్టిఫికెట్లూ, పరికరాలూ, ల్యాబులూ ఉన్నవాళ్ళు. మన భూముల విషయంలో ఇలాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు. నల్లగొండ పట్టణంలో ప్లాటు కొన్న మనిషిని, ఆ నేల అడుగున ఏ రాయి ఉందో చెబితే తప్ప రిజిస్ట్రేషన్ చేయనని సబ్ రిజిస్ట్రారు అనడు. మూడు తరాలుగా పట్నంలో ఉంటూ ఊళ్ళో చెలక ఏ దిక్కున ఉందో కూడా మరిచిపోయిన వాళ్ళ పేర్లు పాసుపుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. ఒక్క ఆదివాసీ ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఆమె ముందు తన జ్ఞానాన్ని ప్రదర్శించాలి, మనం మెచ్చుకోవాలి, ఆ తర్వాత హక్కు సంగతి ఆలోచించాలి.

ఇలా అన్నానని ఆ జ్ఞానాన్ని నేను తేలికగా తీసుకుంటున్నాననుకోవద్దు. ఫరహాబాద్ దాటాక లోపలి పెంటలలో, అంటే చెంచు గూడేలలో, ఒకదాని దగ్గర ఒక అవ్వ గడ్డలు తవ్వుతుండగా చాలాసేపు చూశాను. వానలు వెనకబట్టిన తర్వాత గడ్డల తీగలు వాడి, ఎండి, పొదల మీద దారాల్లా వేలాడతాయి. కొత్తవాళ్ళ కంటికి అది చెత్త. ఆమె దాన్ని లాగలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని నేలదాకా దాని దారి వెతికింది, ఎందుకంటే లాగితే తీగ మధ్యలో తెగుతుంది, తెగితే గడ్డ ఎక్కడుందో ఆ ఏడాదికి ఇక తెలియదు. తీగ నేలలోకి దిగిన చోటికి జానెడు పక్కగా గడ్డపార దించింది. రాళ్ళ నేల కావడం వల్ల గడ్డ నిలువుగా కిందికి దిగదు, సందు దొరికిన వైపుకు ఒంకర తిరుగుతుంది. ఏ వైపుకు తిరిగి ఉంటుందో రాళ్ళ వాలును చూసి ఆమె ముందే చెప్పింది. మోచేతి లోతు గుంట అయ్యాక తిండికి పనికొచ్చే భాగాన్ని విరిచి బుట్టలో వేసుకుని, తీగ మొదలు అంటుకుని ఉన్న తలభాగాన్ని మళ్ళీ గుంటలోనే పెట్టి మన్ను కప్పి కాలితో అదిమింది. "వానకు మళ్ల లేస్తది" అంది, అంతే. ఆ పక్కనే ఇంకో తీగ కనబడితే దాన్ని ముట్టలేదు. ఎందుకని అడిగితే, అది కిందటేడు తవ్వినదనీ, ఇంకా సన్నగా ఉంటుందనీ చెప్పింది. కిందటేడు ఎక్కడెక్కడ తవ్విందీ ఆమెకు గుర్తుంది. అటవీశాఖ వర్కింగ్ ప్లాను అనే దస్త్రంలో రాసేది ఇంచుమించు ఇదే పని, కాకపోతే అక్కడ దానికి జీతాలూ జీపులూ ఉంటాయి.

నీళ్ళ విషయమూ అంతే. వాగు పారడం ఆగిపోయాక ఇసుకలో చెలిమ తోడుకునేది ఆడవాళ్ళే. చెలిమ తీయడమంటే గుంట తవ్వడం ఒక్కటే కాదు. ఒడ్డున ఏ చెట్టు ఇంకా పచ్చగా ఉందో, ఇసుక ఎక్కడ తేమగా ముద్ద కడుతోందో, రాతి బండ ఎక్కడ అడ్డుపడి కింది నీటిని పైకి ఎగదోస్తోందో చూడాలి. మొదట ఊరిన బురదనీటిని చిప్పతో తోడి పారబోస్తూ, తేట నీళ్ళు వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఎలుగులూ పందులూ కలియబెట్టకుండా పొద్దునపూట ముళ్ళకంప కప్పుతారు, చీకటి పడే ముందు దాన్ని తీసేస్తారు. రాత్రి నీళ్ళు జంతువులవి. ఈ ఒప్పందం మీద సంతకాలు లేవు గానీ, మేం చూసిన చెలిమ దగ్గర దాన్ని ఎవరూ తప్పినట్టు కనబడలేదు.

తేనె తీయడం మగవాళ్ళ పని. కొండచరియ నుంచి తీగెల తాడు మీద దిగి పట్టు కోస్తారు. పైన తాడును కాపాడే మనిషి మాత్రం దిగినవాడి భార్యకు అన్నో తమ్ముడో అయి ఉండాలన్నది చెంచుల కట్టుబాటు. తోబుట్టువు ముండమోయడం ఎవడూ కోరుకోడు కదా. కొండ మీద కనబడని ఆడమనిషి చుట్టూనే ఆ భద్రత అంతా అల్లుకుని ఉంది.

ఇలాంటి నేల మీదికి 2019లో ఏం రాబోయిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం సర్వే చేస్తామన్న అణుశక్తి విభాగం ప్రతిపాదనకు, ఆ ఏడాది మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖకు చెందిన అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రాష్ట్ర వన్యప్రాణి మండలి అంతకుముందే తల ఊపింది. ప్రతిపాదనలో నాలుగు వేల దాకా బోరురంధ్రాలు వేయాలని ఉంది. ఇది అన్వేషణ మాత్రమే, తవ్వకం కాదు, కంగారు ఎందుకని అప్పట్లో చాలామంది చదువుకున్నవాళ్ళు అన్నారు. నల్లమల రాతి పొరల సంగతి తెలిస్తే ఆ ధీమా నిలవదు. ఇక్కడ పైన శ్రీశైలం క్వార్ట్‌జైటు పొర, దాని అడుగున పాత గ్రానైటు ఉంటాయి. నల్లగొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల నిక్షేపాలు బయటపడింది ఈ రెండు పొరలూ కలిసే అతుకు దగ్గరే. వాననీరు పైపొర పగుళ్ళలోకి ఇంకి, ఆ అతుకు దగ్గర ఆగి, పక్కకు జరిగి, ఏదో ఒక లోయలో ఊటగా బయటికి వస్తుంది. ఆ అతుకును చీల్చుకుంటూ వేల రంధ్రాలు వేస్తే పైనున్న నీటికి కిందికి జారే దారులు ఏర్పడతాయి. గాలి కలిసిన నీరు ఖనిజాన్ని తాకితే యురేనియం ఆక్సీకరణ చెంది నీటిలో కరిగే రూపంలోకి మారుతుంది. రంధ్రాలను సిమెంటుతో సరిగ్గా మూస్తే ప్రమాదం తగ్గుతుందన్న మాట నిజమే. పులులు తిరిగే అడవిలో, రోడ్డు లేని లోయల్లో, నాలుగు వేల రంధ్రాలనూ ఎవరు మూశారో ఎవరు చూసి వస్తారు? ఏదో ఒక వేసవిలో చెలిమ ఊరకపోతే తప్ప సంగతి బయటపడదు. అప్పుడైనా దాన్ని ముందుగా కనిపెట్టేది బిందె పట్టుకుని వెళ్ళిన ఆడమనిషే.

పెంటలూ ఊళ్ళూ కదిలాయి. రోడ్లకు అడ్డం కూర్చున్నారు. బందులు జరిగాయి. పట్నంలో సినిమావాళ్ళు కూడా గొంతు కలిపాక గొడవ పెద్దదైంది. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం, తప్పు లేదు. అయితే ఆ గెలుపు ఏ రూపంలో వచ్చిందో చూడండి. వద్దని అన్నది శాసనసభ. అప్పాపూర్ గ్రామసభో, మన్ననూర్ గ్రామసభో వద్దన్నందువల్ల ఆగిపోయినట్టు ఎక్కడా నమోదు కాలేదు. దయతో ఆపినదాన్ని రేపు అవసరం కొద్దీ మళ్ళీ కదిలించవచ్చు. ఒడిశాలో నియమగిరి కొండ విషయంలో ఇందుకు భిన్నంగా జరిగింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బాక్సైటు తవ్వకం మీద గ్రామసభలే నిర్ణయించాల్సి వచ్చింది, పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. బాక్సైటు వల్ల కలిగే నష్టం గురించి మీకేం తెలుసని ఆ కొండ ఆదివాసులైన డోంగ్రియా కోందు ఆడవాళ్ళకు అక్కడెవరూ పరీక్ష పెట్టలేదు. ఆ కొండ మీద వాళ్ళకూ వాళ్ళ దేవుడికీ ఉన్న హక్కు ఏమిటన్నదే ప్రశ్న అయింది.

నల్లమలకు ఇంకో చివరన, మా నల్లగొండ జిల్లా వైపు, కథ అంతకు చాలా ముందే మొదలైంది. నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనికి ప్రజాభిప్రాయ సేకరణ 2003 ఆగస్టులో జరిగింది. అక్కడివాళ్ళలో ఎక్కువమంది లంబాడీలు. అమ్రాబాద్ ప్రాంతంలోని కొన్ని గ్రామాలు ఆదివాసీ ప్రాంతాల రక్షణ కోసం ఉన్న రాజ్యాంగం అయిదో షెడ్యూలు పరిధిలో ఉన్నాయి గనుక, అక్కడ గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టమూ, గ్రామసభలకు అధికారమిచ్చే 1996 నాటి పెసా చట్టమూ అంతో ఇంతో అండగా ఉంటాయి. నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. దేవరకొండ తండాల్లో ఎంతమంది గిరిజనులు ఉన్నా, భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించి తీరాలన్న పెసా నియమం వాళ్ళకు వర్తించదు. కాగితాల భాష ఒకటి, ఇంట్లో లంబాడీలు మాట్లాడే గోర్‌బోలి ఇంకొకటి. అభిప్రాయం చెప్పమని పిలిచిన చోట పోలీసులే ఎక్కువ. అంతటి సభలోనూ జనం వద్దని గట్టిగానే అన్నారు. ఆ గని రాలేదు. జార్ఖండ్‌లోని జాదుగోడలో 1967 నుంచి తవ్వకం జరుగుతోంది, కడప జిల్లా తుమ్మలపల్లెలో వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు తమ బోర్ల నీరు పాడయిందని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. పెద్దగట్టు వాళ్ళు ఆ రోజు ఏం తప్పించుకున్నారో ఇవాళ వాటిని చూస్తే అర్థమవుతుంది.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు, మరి ఆడవాళ్ళ జ్ఞానమే గెలిచినట్టు కదా, పేచీ దేనికని అడగవచ్చు. నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతం మనిషిని. జ్ఞానం ఓడిపోయిన చోటునుంచి మాట్లాడుతున్నాను.

మా వైపు ఆడవాళ్ళకు నీళ్ళు తెలియవని ఎవరూ అనలేరు. ఊళ్ళో ఏ బావి నీళ్ళు తాగడానికి, ఏవి బట్టలకు, ఏవి గొడ్లకు అన్నది వాళ్ళే తేల్చేవాళ్ళు. మా అమ్మ తరానికి తిరుగులేని పరీక్ష ఒకటుండేది: పప్పు ఉడకాలి. కందిపప్పు మెత్తగా ఉడికితే అవి మంచినీళ్ళు, ఎసట్లో ఎంతసేపున్నా పలుకు పలుకుగా మిగిలితే సవ్వ నీళ్ళు. ఇది మూఢనమ్మకం కాదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైన కఠిన జలంలో పప్పు ఉడకదు. బోర్లు వచ్చినప్పుడు కూడా ఆడవాళ్ళు అదే పరీక్ష పెట్టారు. లోతు నుంచి వచ్చిన నీరు తేటగా ఉంది, వాసన లేదు, పప్పు చక్కగా ఉడికింది. ఆ నీటిలోనే ఫ్లోరైడు ఉంది. ఫ్లోరైడుకు ఆ మోతాదులో రుచి లేదు, రంగు లేదు. అంతకంటే ఘోరమైన సంగతి, కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా కరగలేదు. కాల్షియం తక్కువైన మెత్తటి నీటిలోనే అది తరచుగా పేరుకుంటుంది. తరాల అనుభవం మంచివని చెప్పిన నీళ్ళే, ఆ అనుభవం మీద నమ్మకంతో తాగించిన పిల్లల ఎముకలను ఒంచాయి. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండకూడదంటే, మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటికా సున్నమూ కలిపి దాన్ని విరగ్గొట్టే పద్ధతికి శాస్త్రజ్ఞులు మా జిల్లా పేరే పెట్టారు. లోకంలో నల్లగొండకు దక్కిన కీర్తి అదొకటి.

అయితే ఆ బోరు ఎక్కడ వేయాలో, ఎంత లోతుకు వేయాలో మా అమ్మను ఎవరైనా అడిగారా? అడగలేదు. నీటిని పరీక్షించి ఫలితాన్ని ఆమెకు చదివి వినిపించారా? అదీ లేదు. తెలుసుకునే సాధనం ఆమె చేతిలో పెట్టలేదు, నిర్ణయించే అధికారమూ ఇవ్వలేదు, నీళ్ళు మోసే పని మాత్రం నెత్తికెత్తారు. నడుము ఒంగిపోయిన బిడ్డను మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టే పనీ ఆమెకే మిగిలింది. అందుకే నేననేది, నీటి మీద ఆడవాళ్ళ మాట చెల్లాలన్న వాదనకు వాళ్ళ సంప్రదాయ జ్ఞానాన్ని పునాదిగా వేయకండి. ఆ పునాది మా ఊళ్ళో కుంగిపోయింది. ఆ నేల వాళ్ళది, ఆ నీళ్ళు తాగేది వాళ్ళు, చెడిపోతే భరించేది వాళ్ళు. పునాదికి ఇది చాలు. అప్పుడు ల్యాబు రిపోర్టు ఆమె అధికారానికి పోటీగా రాదు, ఆమె చేతికి ఒక పనిముట్టుగా వస్తుంది.

మేఘాలయలోని ఒక పెద్దావిడ గురించి ఇక్కడ చెప్పాలి. పశ్చిమ ఖాసీ కొండల వైపు డొమియాసియాట్‌లో స్పిలిటీ లింగ్డో లాంగ్రిన్ అనే ఖాసీ స్త్రీకి సొంత భూమి ఉండేది. దాని కింద యురేనియం ఉందని తేలింది. ముప్పై ఏళ్ళ లీజుకు కోట్ల రూపాయలు ఇస్తామన్నా ఆమె ఒప్పుకోలేదు. 2020లో, తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూసేదాకా ఆ మాట మీదే ఉంది. ఆమె ధైర్యాన్ని అందరూ కొనియాడారు, కొనియాడదగినదే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఖాసీల వారసత్వ పద్ధతి. అక్కడ ఆస్తి తల్లి నుంచి కూతురికి వస్తుంది. కంపెనీ వచ్చి తలుపు తట్టాల్సింది ఆమె ఇంటికే, సంతకం అడగాల్సింది ఆమెనే. ఆమె వద్దంటే పని ఆగుతుంది. అంతే ధైర్యమున్న చెంచు ఆడమనిషి మన అడవిలో వద్దంటే అది ఒక నినాదమవుతుంది, పేపర్లో ఫొటో అవుతుంది. ఆ ఇద్దరి మధ్య తేడా జ్ఞానంలో లేదు, తెగువలో లేదు, కాగితంలో ఉంది.

మన దగ్గర కాగితం కోసం చట్టం లేకపోలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళయినవాళ్ళకు ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. 2012 సవరణ నిబంధనల ప్రకారం అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళుండాలి, గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు కావాలి. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఆదివాసులదే. చెంచుల వంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు కోరే వీలు కూడా ఉంది. రాసి ఉన్నదాంట్లో లోటేమీ లేదు. అమలుకు వచ్చేసరికి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కుల పత్రాలను గ్రామసభల పేరిట కాకుండా అటవీశాఖ నీడలో నడిచే వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చిన సందర్భాలు కోకొల్లలు. 2023లో తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పోడు పట్టాలు పంచింది. అది పెద్ద పనే, కాదనను. కానీ అది దున్నిన చెలకకు ఇచ్చిన పట్టా. గడ్డలు తవ్వుకునే కొండవాలు, చెలిమలున్న వాగు, తపసి బంక కారే చెట్లు, ఇప్పపువ్వు రాలే నేల, అంటే ఆడవాళ్ళు ఎక్కువగా తిరిగే అడవి, ఆ లెక్కలోకి రాదు. నాగలి తిరిగిన చోటే హక్కు ఉందనుకునే చూపు అది, నాగలి ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నల్లమలలో నడుస్తున్న వ్యవహారం యురేనియం కాదు, పులి. అభయారణ్యం మధ్యభాగంలోని సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ళను బయటికి తరలించాలని అధికారులు ప్రయత్నిస్తున్నారు, కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ. పోదామనుకునే వాళ్ళున్నారు, ఆసుపత్రీ బడీ రోడ్డూ కావాలనుకోవడం తప్పేమీ కాదు. లెక్క మాత్రం కుటుంబం చొప్పున నడుస్తుంది, కుటుంబం అనగానే ఇంటి యజమాని ముందుకు వస్తాడు. చట్టం అడిగేది అది కాదు. ముందు అటవీ హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, ఆ తర్వాత స్వేచ్ఛగా, అన్నీ తెలుసుకున్న గ్రామసభ రాతపూర్వకంగా సమ్మతించాలి. ఇంటింటికీ తిరిగి సేకరించిన సంతకాల కట్టను గ్రామసభ తీర్మానంగా చెలామణి చేస్తే అది కంటితుడుపు కూడా కాదు.

ఆదివాసీ సమాజాన్ని మచ్చలేని లోకంగా చూపించడం నాకు చేతకాదు. 1940లో నిజాం రాజ్యంలోని చెంచుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, అక్కడి ఆడవాళ్ళు భర్తతో పొసగకపోతే వదిలేసి మరొకరితో ఉండగలిగే స్వేచ్ఛను గమనించాడు. ఆ స్వేచ్ఛ ఇప్పటికీ కొంత ఉంది, దానితోపాటు సారా తాగి వచ్చే మొగుడూ ఉన్నాడు. అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులకూ, తర్వాత వచ్చి సేద్యం చేసుకున్న లంబాడీలకూ మధ్య భూమి తగాదాలు ఉన్నాయి, వాటిలో ఎక్కువగా నష్టపోయింది చెంచులే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదు వందల జనాభా దాటిన తండాలు పంచాయతీలయ్యాయి, మరుసటి ఏడాది జనవరి ఎన్నికల్లో లంబాడీ ఆడవాళ్ళు చాలామంది సర్పంచులయ్యారు. వాళ్ళలో కొందరి కుర్చీల్లో భర్తలు కూర్చోవడం మనం చూడనిది కాదు. ఆ భర్తలను చూపించి ఆడవాళ్ళకు అధికారం దండగ అనేవాళ్ళున్నారు. మగవాడి కుర్చీలో బామ్మర్ది కూర్చున్న ఊళ్ళు మా మండలంలోనే ఉన్నాయి, వాటిని చూపించి మగవాళ్ళకు అధికారం దండగ అని ఎవరూ అన్న పాపాన పోలేదు.

నల్లగొండ వాణ్ణి కాబట్టి ఇంకొక సంగతి దాచలేను. మా ఫ్లోరైడు నేలకు కృష్ణ నీళ్ళు కావాలని దశాబ్దాలు కొట్లాడాం. ఆ కొట్లాట ఫలితాల్లో ఒకటి శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. దోమలపెంట దగ్గర మొదలై నల్లమల కడుపులోంచి దాదాపు 44 కిలోమీటర్లు సాగాల్సిన ఆ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఆ ప్రమాదం మీద ఇంజనీర్లూ రాజకీయ పార్టీలూ మాట్లాడుకున్నారు. బండల మధ్య ఊట నీరు ధారగా కారుతోందన్న వార్తలు చదువుతుంటే, ఆ ఊట పైన ఏ లోయకు చేరాల్సిన నీరో అన్న ఆలోచన నన్ను వదలలేదు. మా దాహం నిజమైనదే. సొరంగం వద్దని నేను అనలేను, అంటే మా ఊరివాళ్ళ ముందు నిలబడలేను. కానీ ఈ సొరంగం మీ కింద నుంచి పోతోంది, మీ ఊటలకు ఏమవుతుందో ఇదిగో లెక్క, మీరేమంటారని పైనున్న పెంటలలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగిన సభ గురించి నేను ఎక్కడా వినలేదు. మైదానాల వాళ్ళ అవసరం న్యాయమైనదైనంత మాత్రాన అడగడం మానేయవచ్చని ఏ చట్టమూ చెప్పలేదు.

ఇదంతా విన్న ఒక మిత్రుడు, సరే, నిర్ణయం వాళ్ళకే వదిలేస్తే రేపు వాళ్ళే డబ్బు తీసుకుని సంతకం పెడతారు, అప్పుడు నీ వాదన ఏమవుతుందని నిలదీశాడు. పెట్టవచ్చు. మా జిల్లాలో చెరువు శిఖం భూములను వెంచర్లకు అమ్ముకున్నది ఆదివాసులు కాదు కదా. కాదనే హక్కు ఉన్నవాళ్ళకు ఔననే హక్కూ ఉంటుంది. అది మనకు నచ్చని ఔను అయినా సరే. వాళ్ళు ఎప్పుడూ అడవి పక్షానే నిలవాలని షరతు పెట్టేవాళ్ళు వాళ్ళను కాపలాదారులుగా చూస్తున్నారు గానీ యజమానులుగా చూడటం లేదు. నేను కోరేది తక్కువ. గ్రామసభను ఆడవాళ్ళు అడవికి వెళ్ళే పొద్దునపూట కాకుండా తిరిగొచ్చిన తర్వాత పెట్టండి. బోరురంధ్రాల మ్యాపునూ, నీటి పరీక్ష ఫలితాన్నీ, ప్యాకేజీ కాగితాన్నీ వాళ్ళ మాటలో చదివి వినిపించండి. మగవాళ్ళు లేకుండా ఒక పూట వాళ్ళను విడిగా మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత రిజిస్టరులో వాళ్ళ వేలిముద్రల పక్కన ఏం రాసి ఉంటే, కలెక్టరు దగ్గర నుంచి కేంద్ర కమిటీ దాకా దానికి కట్టుబడండి.